పార్కులో డాల్ఫిన్ వద్దు, నీళ్ళ గీత గీయండి

ఈ పోస్టు కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని తీరికగా చదవండి.

మన విల్లివాక్కం వైపు పార్కును, దాని వెనక ఓట్టేరి కాలువ గట్టు మీద నడిచే దారిని బాగు చేస్తున్నారని మీకు తెలుసు. అక్కడ నీళ్ళకు సంబంధించిన బొమ్మలు, శిల్పాలు పెట్టాలని, పేటలో ఉన్న సంఘాలన్నీ తలా ఒక చెయ్యి వెయ్యాలని అడిగినారు. మన సంఘం తరఫున నన్ను కమిటీలో కూర్చోబెట్టినారు. ఇప్పటికి నాలుగు మీటింగులు అయినాయి. ఈలోగా మన గ్రూపులో ఒకరు తెలుగుతల్లి విగ్రహం పెట్టించమంటారు, ఒకరు ఎన్టీఆర్, ఎంజీఆర్ చేతులు కలిపిన బొమ్మ అంటారు, ఇంకొకరు మనకెందుకు ఈ గొడవ, డబ్బు ఇచ్చి ఊరుకుందాం అంటారు. అందుకని అక్కడ ఏమేం అనుకున్నామో, నేను దేనికి పట్టుబడుతున్నానో వివరంగా రాస్తున్నాను.

మొదటి మీటింగుకు ఒక కాంట్రాక్టరు ఆల్బం తెచ్చినాడు. డాల్ఫిన్, నోట్లోనుంచి నీళ్ళు కక్కే సింహం, ఫైబర్ కొండ మీదనుంచి జారే జలపాతం, బిందె వంచి నిలబడిన ఆడమనిషి. ఏ ఊళ్ళో పెట్టినా సరిపోయే సరుకు. నేను ఒకే మాట అడిగినాను: "అయ్యా, ఈ పేటలో నీళ్ళు లారీలో వచ్చినాయి, గొట్టంలో వచ్చినాయి, రైల్లో కూడా వచ్చినాయి. డాల్ఫిన్ ఏ దారిన వచ్చింది?" అందరూ నవ్వినారు. కాంట్రాక్టరు కూడా నవ్వినాడు, పాపం.

ఫౌంటెన్ సంగతి వేరే చెప్పాలి. ఫౌంటెన్ అంటే మోటారు, మోటారు అంటే కరెంటు బిల్లు, బిల్లు ఎవరు కట్టాలన్నది తేలేలోపు మోటారు కాలిపోతుంది. ఆ తర్వాత ఆ తొట్టిలో వాన నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. నేను పొద్దున వాకింగ్‌కు పోయే దారిలో అలాంటి తొట్లు రెండున్నాయి. ఒకదాంట్లో ఎవరో తులసి నాటినారు, అది బాగుంది.

నేను రైల్వేలో చాలాకాలం ఇంజనీరింగ్ సెక్షన్ గుమస్తాగా చేసినవాణ్ణి. వంతెనల రిజిస్టర్లు నా బీరువాలోనే ఉండేవి. వంతెన స్తంభం మీద ఒక గీత, పక్కన హెచ్.ఎఫ్.ఎల్. అని అక్షరాలు మీరు రైల్లోనుంచి చూసే ఉంటారు. హై ఫ్లడ్ లెవెల్. ఆ ఏటికి అంతవరకూ వచ్చిన వరదల్లో అన్నింటికన్నా ఎత్తుగా వచ్చిన నీటి మట్టం అది. ఇంకో గీత డేంజర్ లెవెల్. వానాకాలంలో గస్తీ తిరిగే మనిషి ఆ గీత చూసి బండి ఆపాలా పోనివ్వాలా అని నిర్ణయిస్తాడు. అతను చదువుకున్నవాడు కాకపోవచ్చు, గీత అర్థమైతే చాలు. నా లెక్కలో నీళ్ళ గురించిన బొమ్మ అంటే మొదట అదే. అందంగా ఉంటే మంచిదే, కానీ చూసినవాడికి ఒక నిజం తెలియాలి.

అందుకని పార్కు గేటు దగ్గర ఒక రాతి స్తంభం నిలబెట్టి, దాని మీద మన పేటలో 2015 డిసెంబరులో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చినాయో ఒక గీత, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానుకు ఎంత వచ్చినాయో ఇంకో గీత చెక్కాలని అడిగినాను. 2015లో టీవీ వాళ్ళందరూ అడయారు వైపే ఉన్నారు. మన వైపు ఓట్టేరి కాలువ వెనక్కి తన్ని వీధుల్లోకి వచ్చిన సంగతి మనకే తెలుసు. మా వీధిలో నడుము లోతు. ఆ రాత్రి మా ఇంటావిడ బియ్యం డబ్బా, పత్రాల పెట్టె రెండే పైకి తీసుకుపోయింది. ఫ్రిజ్ హాల్లో పడవలాగా తేలింది.

అపార్ట్‌మెంట్ల సంఘం సెక్రటరీగారు వెంటనే లేచినారు. "సార్, మీరు ఆ గీత గీస్తే ఇక్కడ ఫ్లాటు కొనేవాడు ముందు దాన్నే చూస్తాడు. రేటు పడిపోతుంది. ఇల్లు అమ్మి కూతురి పెళ్ళి చెయ్యాలనుకునేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కడుపు కొట్టకండి."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నాకూ ఇక్కడ సొంత ఇల్లే ఉంది, నాకూ పడుతుంది ఆ దెబ్బ. కానీ వీధి మూలన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన ఆరోజు మీటింగుకు వచ్చి వెనక నిలబడి ఉన్నాడు. ఆయన మాట్లాడతాడని ఎవరూ అనుకోలేదు. "సార్, మేము కింది పోర్షన్లో అద్దెకుంటాం. ఇల్లు చూపించేటప్పుడు నీళ్ళు వస్తాయా అని అడిగితే రావు అన్నారు. మంచం కోళ్ళకు ఇటుకలు పెట్టుకోవాలని మాకు ఎవరు చెప్తారు? ఆ గీత ఉంటే మేమే చూసుకుంటాం కదా" అన్నాడు. గీత గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఆయనే చెప్పేసినాడు. వంతెన మీద హెచ్.ఎఫ్.ఎల్. రాసినందుకు ఏ లైనుకూ చార్జీ తగ్గలేదు అని నేను అన్నాను, కానీ అది ఆయన మాటంత బలమైనది కాదు.

ఓటు పెడితే సరిసమానంగా వచ్చినాయి. ఇంకా తేలలేదు. దాని సంగతి చివర చెప్తాను, మీ సాయం కావాలి.

రెండో విషయం 2019. ఎండిపోయిన ఏడాది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ నేల పగిలి కనిపించినాయి. ఆ జూలై 12న జోలార్‌పేట నుంచి నీళ్ళ రైలు మన విల్లివాక్కం యార్డుకే వచ్చింది. 50 ట్యాంకు వ్యాగన్లు, మొత్తం 25 లక్షల లీటర్లు. మంత్రులు వచ్చినారు, ఇంజనుకు పూలదండ వేసినారు. అక్కడినుంచి నీళ్ళు గొట్టంలో కీల్పాక్కం వాటర్ వర్క్స్‌కు పోయినాయి. నేను అప్పటికి రిటైర్ అయినాను, అయినా ఆగలేక చూడటానికి పోయినాను. ఉద్యోగమంతా ట్యాంకు వ్యాగన్లో నూనె, పెట్రోలు పోవడమే చూసినాను. తాగే నీళ్ళు దిగడం అదే మొదలు. ఇంటికి వచ్చి గుమస్తా బుద్ధితో లెక్క వేసినాను. మన ప్లాస్టిక్ బిందె 15 లీటర్లు పట్టుకుంటే ఒక రైలుకు లక్షా అరవై ఆరు వేల బిందెలు. ఒక్క వ్యాగనుకు మూడు వేల మూడు వందలు. ఇంత పెద్ద ఊరికి అది ఏ మూలకు? రైలు చూడ్డానికి పెద్దది, దాహం దానికన్నా పెద్దది.

ఈ రైలును గట్టు దారి పక్కనున్న పొడుగు గోడ మీద అసలు సైజులో గీయించాలని నా కోరిక. ఒక్క వ్యాగను చాలు. దాని మీద వ్యాగన్ల మీద రాసే పద్ధతిలోనే స్టెన్సిల్ అక్షరాలతో ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ తేదీ, ఎన్ని లీటర్లు, ఎన్ని బిందెలు అని రాయాలి. కణ్ణగి నగర్లో ఇళ్ళ గోడల నిండా పెద్ద పెద్ద బొమ్మలు గీసినప్పుడు ఊరంతా పోయి చూసి వచ్చింది. మన గోడ అంత గొప్పగా ఉండక్కరలేదు.

ఎగ్మోరు ఆర్ట్స్ కాలేజీలో చదివే ఒక అమ్మాయి కమిటీకి సాయం చేస్తున్నది. వయసు ఇరవై రెండు ఉంటుందేమో. ఆ అమ్మాయి ఆలోచన నాకు అన్నిటికన్నా నచ్చింది. బెంచీల బదులు సిమెంటు బిందెలు, వాటి మీద పగిలిన టైల్ ముక్కలు అతికించి పచ్చ, నీలం, పసుపు, నారింజ రంగులు. లారీ కోసం వరసలో పెట్టినట్టు ఒకదాని వెనక ఒకటి పన్నెండు. ముసలివాళ్ళు కూర్చోవచ్చు, పిల్లలు దూకవచ్చు. డిజైను చూపించడానికి మా ఇంటికి వస్తే మా ఇంటావిడ చూసి, "అన్నీ బిందెలే అయితే ఎట్లామ్మా? వరసలో స్థలం పట్టడానికి మేము బిందె ఒకటే పెట్టేవాళ్ళమా? ఇటుక పెడతాం, పాత చెప్పు పెడతాం, రాయి మీద బొగ్గుతో పేరు రాసి పెడతాం. దాన్ని ఎవరైనా జరిపితే అప్పుడు చూడాలి వీధిలో యుద్ధం" అంది. ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసి రాసుకుంది. ఇప్పుడు డిజైనులో ఏడో బిందె లేదు, దాని బదులు ఒక ఇటుక, ఒక చెప్పు ఉన్నాయి. రాతితోనే చెక్కుతారు.

ఇక మన సంఘం వంతు, అంటే మీరందరూ కొట్లాడుకుంటున్న విషయం.

మన వంతుగా కృష్ణ నీళ్ళ రాయి అడిగినాను. పక్కనే కావేరి నీళ్ళ రాయి ఉంటుంది, దాన్ని వేరే సంఘంవాళ్ళు చూసుకుంటున్నారు. మన కొళాయిలో ఈ రెండూ కలిసే వస్తాయి. మీలో చిన్నవాళ్ళకు తెలియకపోవచ్చు కాబట్టి రాస్తున్నాను. కృష్ణ నీళ్ళు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంగారి మఠం, పెన్న మీద సోమశిల, అక్కడినుంచి కండలేరు, కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండికి వస్తాయి. ఒప్పందం 1983లో, నీళ్ళు మొదటిసారి వచ్చింది 1996లో. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర ఒక్కొక్కరు 5 టీఎంసీలు తమ వాటాలోనుంచి వదులుకున్నారు. దారిలో ఆవిరికి 3 పోగా 12 సరిహద్దు దగ్గర ఇవ్వాలని లెక్క. అన్ని ఏళ్ళూ అంత రాలేదు. తర్వాత కాలువ గట్లు జారి నీళ్ళు ఇంకిపోతుంటే పుట్టపర్తి సత్యసాయి ట్రస్టువాళ్ళు దాన్ని బాగు చేయించినారు.

కావేరి నీళ్ళు మేట్టూరు, ముక్కొంబు, అణైక్కరై మీదుగా చోళులు తవ్వించిన వీరాణం చెరువుకు, అక్కడినుంచి 235 కిలోమీటర్ల గొట్టంలో 2004 నుంచి వస్తున్నాయి. అంతకు ముందు ఒకసారి వీరాణం అని మొదలుపెట్టి ఆగిపోతే, రోడ్డు పక్కన పడేసిన పెద్ద గొట్టాల్లో జనం కాపురాలు పెట్టినారు. నా వయసువాళ్ళు చూసే ఉంటారు. గొట్టానికి గోనెపట్టా తలుపు, లోపల పొయ్యి. ఇప్పుడైతే మీంజూరు, నెమ్మేలిలో సముద్రం నీళ్ళు కూడా ఉప్పు తీసి ఇస్తున్నారు. ఒక గ్లాసులో మహాబలేశ్వరం, కొడగు, బంగాళాఖాతం మూడూ ఉన్నాయన్నమాట.

అందుకే ఎన్టీఆర్, ఎంజీఆర్ విగ్రహాలు వద్దన్నాను. ఇద్దరి మీదా నాకు గౌరవం ఉంది. ఇద్దరి సినిమాలూ మొదటిరోజే చూసినవాణ్ణి, ఒక్కోసారి డ్యూటీ ఎగ్గొట్టి కూడా. కానీ ముఖం పెడితే ఆ రాయి పార్టీది అవుతుంది. పుట్టినరోజుకు దండ, ఎలక్షన్ వస్తే దానిమీద గోనెపట్టా. నీళ్ళ దారికి గోనెపట్టా కప్పాల్సిన పని లేదు.

రాయి ఇలా ఉంటుంది. పార్కులో ఉన్న మండపం పైకప్పు మీద పడిన వాన నీళ్ళు ఒక గొట్టంలోనుంచి రాతి పలక మీదకు దిగుతాయి. పలక మీద శ్రీశైలం నుంచి పుళల్ దాకా కాలువ దారి గాడిలాగా చెక్కి ఉంటుంది. నీళ్ళు ఆ గాడిలో ఊరూరు దాటుకుంటూ పోయి చివర ఇంకుడు బావిలో పడతాయి. మోటారు లేదు, బిల్లు లేదు. వాన పడితేనే పనిచేస్తుంది, వాన లేకపోతే ఎండిన గాడి. "ఎండాకాలమంతా ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది?" అని ఒకరు అడిగినారు. అసలు కాలువ కూడా అట్లాగే ఉంటుంది కదండీ. 2003లో ప్రతి ఇంటికీ వాన నీళ్ళు ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేసినప్పుడు మనమందరం గొట్టాలు పెట్టించినాము. ఇప్పుడు వాటిలో ఎన్ని చెత్త పట్టి మూసుకుపోయినాయో ఎవరింటికి వారే చూసుకోండి.

పలకకు కడప రాయి వెయ్యాలని నాకు ఆశ. ఈ ఊళ్ళో ప్రతి వంటింట్లో అరలు "కడప్పా కల్లు"తోనే, ఆ పేరు ఒక జిల్లాదని తెలియనివాళ్ళే ఎక్కువ. ఆ కాలువ కూడా కడప జిల్లాలోనుంచే వస్తుంది. కానీ రాళ్ళు చెక్కే మేస్త్రి ఒప్పుకోలేదు. "అయ్యా, అది ఇంట్లోకి బాగుంటుంది. ఎండలో పెడితే నలుపు పోయి బూడిద రంగు అవుతుంది, పొరలు పొరలుగా లేస్తుంది. అక్షరం నిలవదు" అన్నాడు. చివరికి గాడి, అక్షరాలు గ్రానైటు మీద, చుట్టూ కూర్చునే అరుగు కడప రాయితో అని రాజీ పడినాము. బూడిద రంగు అయితే కానీ, కూర్చున్నవాళ్ళకు నష్టం లేదు.

అక్షరాలు ఏ భాషలో? మన వంతు డబ్బు కాబట్టి తెలుగులోనే ఉండాలని కొందరు, తెలుగు పెడితే రేపు ఎవరైనా తారు పూస్తారు, తమిళంలోనే చాలు అని కొందరు. ఇద్దరూ నాకు ఫోన్లు చేసినారు, ఇద్దరికీ కోపం వచ్చింది.

నా చదువంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం కానీ అక్షరం రాదు. మా నాయన ప్రతి నెలా అంబులిమామ ఒకటి, చందమామ ఒకటి కొనేవాడు. రెండూ ఈ ఊళ్ళోనే అచ్చయ్యేవి. అదే కథ, అదే బొమ్మ, అక్షరాలే వేరే. రెండూ పక్కపక్కన పెట్టుకుని, బొమ్మను పట్టుకుని, తమిళంలో చదివి తెలుగులో వెతుక్కుంటూ నేర్చుకున్నాను. ఏ వాత్యారూ నేర్పలేదు. రెండు భాషలు పక్కపక్కన ఉంటే ఒకటి ఇంకొకదాన్ని తినేస్తుందని నేను అనుకోను.

అందుకని కమిటీలో ఇలా అడిగినాను. రాయి మీద ఊళ్ళ పేర్లు రెండు లిపుల్లోనూ సమానమైన సైజులో ఉండాలి. కావేరి రాయి మీద కూడా రెండూ ఉండాలి. అది కాక, నడిచే దారిలో రాళ్ళ మీద నీటి మాటలు జంటలుగా వెయ్యాలి. నీరు, నీర్. కాలువ, కాల్వాయ్. తూము, తూంబు. కుంట, కుట్టై. మడుగు, మడు. ఊట, ఊట్రు. మునుగు, ముళుగు. పిల్లలు పాండి ఆడుకుంటూ ఒక్కో గడి దూకి చదువుకుంటారు. కొన్ని మాటలు మనల్ని ఏమారుస్తాయి, అవీ ఉండాలి. మనకు ఏరు అంటే పారే నీళ్ళు, వాళ్ళకు ఏరి అంటే నిలిచిన చెరువు. మనకు వాన అంటే పడే నీళ్ళు, వాళ్ళకు వానం అంటే ఆ నీళ్ళు పడే ఆకాశం. నా పెళ్ళయిన కొత్తలో నెల్లూరు నుంచి వచ్చిన మా మామగారు "మీ రెట్టేరి ఎటు పారుతుంది?" అని అడిగితే, "అది పారదు మామా, చెరువు" అని చెప్పలేక మా నాయన నవ్వు ఆపుకోలేకపోయినాడు.

ఈ జంట మాటల ఆలోచనకు కమిటీలో ఎవరూ అడ్డు చెప్పలేదు. తమిళ పండితులు ఒకాయన ఉన్నారు, రిటైర్డ్ హెడ్మాస్టరు, నేను ఆయన దగ్గరే గొడవ వస్తుందని భయపడినాను. ఆయన నా కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఎర్ర పెన్నుతో నాలుగు జంటలు కొత్తగా చేర్చి ఇచ్చినాడు. వచ్చే మీటింగులో ఆయనే చదువుతానన్నాడు. కాబట్టి తెలుగు అక్షరం సంగతి దాదాపు తేలినట్టే. మన వంతు లక్షా యాభై వేలు, అందులో ఇప్పటికి తొంభై రెండు వేలు వచ్చినాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు రాయి మీద ఉండవు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను తిట్టొద్దు. పేర్లు వేస్తే ఊళ్ళ పేర్లకు చోటు ఉండదు.

ఇప్పుడు ఆ గీత దగ్గరకు వస్తాను. సెక్రటరీగారు చివరికి ఒక మాట అన్నారు: "సరే, గీత పెట్టండి, కానీ ఎత్తు మీరు నోటికి వచ్చినట్టు చెప్తే ఒప్పుకోము, రుజువు కావాలి." న్యాయమైన మాట. రిజిస్టరులో కూడా సంతకం లేని గీత ఒప్పుకోరు. నాతో పనిచేసి రిటైర్ అయిన ఇన్‌స్పెక్టరు ఒకాయన డంపీ లెవెల్, స్టాఫ్ రెండూ అరువు తెస్తానన్నాడు. ఎవరింటి గోడ మీదనైనా 2015 మరక గానీ, 2023 మరక గానీ ఇంకా మిగిలి ఉంటే, ఆ మట్టాన్ని వీధి వెంబడి కొలుచుకుంటూ గేటు స్తంభం దాకా తెస్తాడు. అంగుళం తేడా రాదు. కనీసం ఐదు ఇళ్ళు కావాలి, ఐదూ ఒకే మట్టం చెప్తే ఇక ఎవరూ కాదనలేరు.

మా ఇంట్లో 2016లోనే పెయింటు వేయించినాము, మరక పోయింది. మీలో ఎవరింట్లోనైనా మెట్ల కింద, మీటరు పెట్టె వెనక, వెనక గోడ మీద, బావి గోడ మీద ఆ మరక ఉంటే నాకు ఫోన్ చెయ్యండి. గోడ లేకపోయినా పాత ఫోటో ఉంటే, అందులో తలుపు గొళ్ళెమో స్విచ్ బోర్డో కనిపిస్తే అదీ పనికొస్తుంది. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళను అడిగి చెప్పండి. వచ్చే శనివారం పొద్దున ఏడింటికి మొదలుపెడతాము, ఎండ ఎక్కేలోపు ముగించాలి. స్టాఫ్ పట్టుకోవడానికి ఇద్దరు కుర్రవాళ్ళు కావాలి. టిఫిను మా ఇంట్లో.